అసలు కంటే అట్ట ముద్దు!

మా అమ్మ పెట్టెలో ఒక పాత పుస్తకం ఉంది. అంగట్లో కొన్నది కాదు. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలను వారం వారం జాగ్రత్తగా చింపి, వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత కాలెండరు అట్ట వేసి తయారుచేసిన పుస్తకం. మన ఇళ్ళలో ఒకప్పుడు ఇలాంటివి ఎన్ని ఉండేవో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మనం దాచుకున్నది కథను. మరి రంగురంగుల ముఖచిత్రమో? అది పిల్లల నోటుపుస్తకానికి అట్టగానో, బీరువా అరలో పరిచే కాగితంగానో, గోడమీద బొమ్మగానో పోయేది.

అమెరికాలో ఇందుకు సరిగ్గా తలకిందులుగా ఒక వ్యవహారం నడుస్తోంది. అక్కడ అట్టను దాచుకుంటారు. కథ చదవరు!

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది మా అక్క కొడుకు మూలంగా. వాళ్ళు న్యూజెర్సీలో ఉంటారు. కుర్రవాడికి పదిహేడేళ్ళు. ఇరుగుపొరుగు ఇళ్ళముందు పచ్చిక కోసిపెట్టి సంపాదించినదీ, పుట్టినరోజులకు పెద్దవాళ్ళు చేతిలో పెట్టినదీ కూడబెట్టి, మూడేళ్ళపాటు కామిక్ పుస్తకాలు కొన్నాడు. ఏవి పడితే అవి కాదు; 'వేరియంట్ కవర్లు' ఉన్నవి మాత్రమే. మొత్తం 1,100 డాలర్లయింది. కాలేజీలో చేరేనాటికి వాటిని అమ్మితే మొదటి ఏడాది పుస్తకాల ఖర్చు గట్టెక్కుతుందని వాడి లెక్క. తీరా మొన్న వేసవిలో పెట్టె మోసుకుని, కొన్న దుకాణానికే వెళితే, అతగాడు అన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేసి, "140 డాలర్లు ఇస్తాను" అన్నాడట. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని మన పెద్దలు ఊరికే అన్నారా?

అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ వాడితో మాట్లాడ్డం మానేశారు. వాడు అన్నం సరిగా తినడం మానేశాడు. నువ్వు పిల్లలకు పాఠాలు చెప్పేవాడివి గదా, వాడికి కాస్త నచ్చచెప్పు" అంది.

నేను చెప్పే పాఠాలు ప్రబంధాలూ, ఛందస్సూను! తెలియని విషయం బోధించడం మేష్టరుకు తగదు గనుక, ముందు నేనే నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నకొద్దీ ముచ్చటా వేసింది, భయమూ వేసింది.

పది సెంట్ల పుస్తకం

1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వెలువడింది. సూపర్‌మాన్ లోకానికి కనిపించింది అందులోనే. వెల 10 సెంట్లు. ఆ సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో వేలానికి వస్తే, 60 లక్షల డాలర్లు పలికింది!

అంత ధర ఎందుకు పలికింది? కథ గొప్పదనా? ఆ కథ తర్వాత ఎన్నోసార్లు మళ్ళీ అచ్చయింది. చదవాలనుకున్నవాడు కొద్ది డాలర్లకే చదవవచ్చు. ధర పలికింది ప్రతులు మిగలకపోవడం వల్ల. ఆ రోజుల్లో కామిక్ పుస్తకమంటే పిల్లలు చదివి, మడిచి, జేబులో కుక్కుకుని, చివరికి పారేసేది. రెండవ ప్రపంచయుద్ధంలో పాత కాగితం పోగుచేసి సర్కారుకివ్వండని ఉద్యమాలు నడిచాయి. బస్తాలకొద్దీ కామిక్కులు అందులో పోయాయి. యుద్ధం ముగిశాక, వీటివల్ల పిల్లలు చెడిపోతున్నారన్న అలజడి లేచింది. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ పట్టణంలో బడిపిల్లలే కుప్పలు పోసి తగలబెట్టారు. ఇన్ని గండాలు గడిచి బట్టకట్టిన ప్రతి గనుక దానికి ఆ విలువ.

పత్రికలమ్మే బడ్డీకొట్లలోనూ ఒక పద్ధతి ఉండేది. అమ్ముడుపోని కామిక్కులను మొత్తంగా తిప్పిపంపే పని లేకుండా, అట్టనో, అట్టపైన పేరున్న ముక్కనో చించి పంపితే చాలు, వాటి డబ్బు జమ కట్టేవారు. మిగిలింది చిత్తుకాగితమే. అంటే అట్టే నోటు, అట్టే రసీదు అన్నమాట! అట్టకు విలువ కట్టే ఆచారం ఆనాడే ఉందని చెప్పుకోవచ్చు.

అనుకోకుండా పుట్టిన తేడా

ఒకే సంచికను, ఒకే కథతో, వేర్వేరు అట్టలు వేసి విడుదల చేస్తే వాటిని 'వేరియంట్లు' అంటారు. ఒకే నేత చీరకు నాలుగు రకాల అంచులు వేసినట్టు. వీటిలో మొట్టమొదట విలువ సంపాదించుకున్న కొన్ని, ఎవరూ సరదాపడి వేసినవి కావు.

1976లో మార్వెల్ కంపెనీవారు తమ పుస్తకం వెల 25 సెంట్ల నుంచి 30కి పెంచదలచారు. జనం కొంటారో మానతారో చూద్దామని, కొన్ని ఊళ్ళకు మాత్రం 30 సెంట్ల ధర అచ్చువేసిన ప్రతులు పంపారు. 1977లో 30 నుంచి 35కి పెంచబోతూ మళ్ళీ అదే పని చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే 'స్టార్ వార్స్' మొదటి సంచిక వచ్చింది. దాని 35 సెంట్ల ప్రతులు 1,500 దాకా మాత్రమే వెళ్ళి ఉంటాయని అంచనా. అయిదు సెంట్లు ఎక్కువ పెట్టి కొన్న ఆ పిల్లలు ఎంత సణుక్కున్నారో కాని, ఇవాళ ఆ ప్రతి బాగున్న స్థితిలో దొరికితే వేల డాలర్లు!

ఇందులో మరో తిరకాసుంది. 35 సెంట్ల ధరతో తర్వాత పునర్ముద్రణలు కూడా వచ్చాయి. వాటికి ఆ విలువ లేదు. అంచేత అంకె ఒక్కటే చూసి మురిసిపోకుండా, ధర వేసిన గడి ఆకారమూ, బార్‌కోడ్ గీతలూ పరీక్షించి మరీ కొంటారు తెలిసినవాళ్ళు. మన తాళపత్ర పరిశోధకులు లేఖకుడి దస్తూరీ చూసినట్టే!

కావాలని పుట్టించిన తేడా

లోకంలో ఒక వస్తువు అరుదుగా ఉంటే ధర పెరుగుతుందని తేలిపోయాక, వ్యాపారి ఊరుకుంటాడా? ఆ అరుదేదో తానే తయారుచేస్తానన్నాడు.

1986లో డి.సి. కంపెనీవారు 'ది మాన్ ఆఫ్ స్టీల్' మొదటి సంచికను రెండు అట్టలతో వేశారు. ఒకటి బడ్డీకొట్లకు, ఒకటి కామిక్కుల దుకాణాలకు. ఈ కాలపు వేరియంట్లకు నాంది అదే అంటారు. 1990లో 'స్పైడర్‌మాన్' మొదటి సంచిక ఆకుపచ్చ సిరాతో ఒకటి, వెండి సిరాతో ఒకటి, సంచిలో పెట్టి సీలు వేసినవి కొన్ని — ఇలా పాతిక లక్షల ప్రతుల దాకా వెళ్ళింది. సంచి చింపితే విలువ పోతుంది. చింపకపోతే కథ తెలియదు. కనుక చదవడానికొకటి, దాచడానికొకటి కొన్నారు జనం. 1991లో 'ఎక్స్‌మెన్' మొదటి సంచికకు ఏకంగా అయిదు అట్టలు. నాలుగింటిని పక్కపక్కన పేరిస్తే ఒక పెద్ద బొమ్మ అవుతుంది; అయిదోదాంట్లో ఆ బొమ్మ మొత్తం మడతలు విప్పితే కనిపిస్తుంది. 81 లక్షల ప్రతులకు పైగా దుకాణాలకు చేరాయి. మరుసటి ఏడాది నవంబరులో సూపర్‌మాన్ చనిపోయే 75వ సంచిక నల్లసంచిలో వచ్చింది. చేతికి కట్టుకోవడానికి నల్లపట్టీ కూడా పెట్టి ఇచ్చారు! దుకాణాల ముందు బారులు తీరి, పిల్లల చదువులకు పనికివస్తాయని డజన్ల లెక్కన కొన్నవాళ్ళున్నారు.

ఏమైంది? లక్షలమంది భద్రంగా దాచిన వస్తువు ఎప్పటికీ అరుదు కాదు. 1938 నాటి పుస్తకాన్ని ఎవరూ దాచలేదు గనుక అది మాణిక్యమయింది. 1991 నాటిదాన్ని అందరూ దాచారు గనుక అది ఇప్పటికీ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. చనిపోయిన సూపర్‌మాన్ కూడా 1993లోనే లేచి వచ్చాడు. పోయిన డబ్బు మాత్రం రాలేదు. కొన్నవాళ్ళు విసిగి మానుకున్నారు, వేలాది దుకాణాలు మూతబడ్డాయి. 1996 డిసెంబరులో సాక్షాత్తూ మార్వెల్ కంపెనీయే దివాలా దరఖాస్తు పెట్టుకుంది.

కొసరు లెక్క

అంతటితో బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? చింత చచ్చినా పులుపు చావలేదు. ఈ శతాబ్దంలో వేరియంట్లు మరో వేషంతో వచ్చాయి.

కూరగాయలు కొన్నప్పుడు మనం కొసరు అడుగుతాం గదా! ఇక్కడ కొసరు ఇచ్చేది కంపెనీ, పుచ్చుకునేది దుకాణదారు. మామూలు అట్ట ప్రతులు 25 తెప్పిస్తే ప్రత్యేకపు అట్ట ప్రతి ఒకటి తెప్పించుకునే హక్కు వస్తుంది. కొన్నిటికి 50కి ఒకటి, మరికొన్నిటికి 100కి ఒకటి. కామిక్కుల దుకాణాలకు మిగిలిన సరుకు తిప్పిపంపే వీలు సాధారణంగా ఉండదు.

లెక్క చూడండి. ప్రతి వెల 4 డాలర్లు, దుకాణదారుకు పడేది 2 డాలర్లు అనుకుందాం. అతనికి ఆ పుస్తకం చదివేవాళ్ళు 40 మందే ఉన్నారు. 40 తెప్పిస్తే 80 డాలర్ల ఖర్చు, 160 రాబడి, 80 లాభం. నూటికొకటి కొసరు కోసం 100 తెప్పిస్తే ఖర్చు 200. అమ్ముడుపోయేవి ఆ 40 ప్రతులే. రాబడి అదే 160. వెనక గదిలో 60 ప్రతులు గుట్టగా పడి ఉంటాయి. మునుపటి లాభమే రావాలంటే ఆ ఒక్క కొసరునూ 120 డాలర్లకు అమ్మాలి. అంటే 120 డాలర్లు పోసి మా మేనల్లుడు కొంటున్నది ఒక అందమైన అట్టను మాత్రమే కాదు. ఎవరూ చదవని అరవై పుస్తకాల ఖరీదు కూడా!

ఇది అర్థమైననాడు నాకు నిద్ర పట్టలేదు. వాడు దాదాపు అన్నీ విడుదలైన వారంలోనే కొన్నాడు. వేడివేడిగా ఉన్న ఆ వారంలో ఉండే ధర, మరో కొత్త అట్ట రాగానే చల్లారుతుంది. కొత్త అట్టలకు కొదవా? 2011లో 'అమేజింగ్ స్పైడర్‌మాన్' 666వ సంచికకు దుకాణాల పేర్లు వేసిన అట్టలే నూటికి పైగా వచ్చాయి. 2013లో 'జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా' మొదటి సంచికకు 50 రాష్ట్రాలకూ 50 జెండాలతో అట్టలు వేశారు. బొమ్మే లేని తెల్ల అట్టలూ ఉన్నాయి. చిత్రకారుడు ఎదురుపడితే దానిమీద గీయించుకోవచ్చు.

అలాగని అన్నీ బూటకమనీ అనలేం. అదే పత్రిక 667వ సంచికకు ఇటలీ చిత్రకారుడు గాబ్రియేల్ డెల్ ఓట్టో వేసిన నూటికొకటి అట్ట ఉంది. అప్పట్లో నూరేసి తెప్పించిన దుకాణాలు తక్కువ. కొసరు అందినవీ తక్కువే. నేడది వేల డాలర్ల వస్తువు. చిత్రం నిజంగా బాగుండి, ప్రతులు నిజంగా తక్కువై, పదేళ్ళ తర్వాత కూడా అడిగేవాడుంటే విలువ నిలుస్తుంది. మూడూ కలవడం మాత్రం అరుదు.

స్థితి సంగతి మరొకటి. 2000లో సి.జి.సి. అనే సంస్థ వెలిసింది. పుస్తకం పంపితే రుసుము పుచ్చుకుని, మూలలూ, కుట్టుపిన్నులూ, మడతలూ పరీక్షించి, పదికి ఇన్నని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పంపుతారు. 9.8 వచ్చినదానికీ 9.2 వచ్చినదానికీ ధరలో ఎంతో తేడా. నేను దిద్దే పేపర్లలో అరమార్కుకు పిల్లలు ఎందుకు కొట్లాడతారో ఇప్పుడు బోధపడింది! అయితే ఆ పెట్టెలో చేరిన పుస్తకాన్ని ఇక తెరవడానికి లేదు.

తరువాయి

పోయిన డిసెంబరులో మేనల్లుడు మా ఇంటికి వచ్చాడు. నేను నేర్చుకున్నదంతా కాగితంమీద లెక్కవేసి చూపించాను. తలవంచుకుని విన్నాడు. "ఈ లెక్క నాకెవరూ ముందు చెప్పలేదు మామయ్యా" అన్నాడు. వాడిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. మూడేళ్ళ కష్టార్జితం అది. పేకాటలో పోగొట్టలేదు, పుస్తకాలలో పెట్టాడు. అడిగి తెలుసుకోకుండా పెట్టాడు, అంతే.

వాడి సంచిలో 40 డాలర్లు పెట్టి కొన్న సంచిక ఒకటి, సీలు విప్పనిది ఉంది. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మ బాగుందిరా నాయనా. లోపల కథేమిటి?" అని అడిగింది. వాడు నీళ్ళు నమిలాడు. "చదవలేదు అమ్మమ్మా. విప్పితే రేటు పడిపోతుంది" అన్నాడు.

అమ్మకు అర్థం కాలేదు. లోపలికి వెళ్ళి, కాలెండరు అట్ట వేసిన తన పుస్తకం తెచ్చి వాడి ఒళ్ళో పెట్టింది. "ఇది నీకు మీ అమ్మ వయసున్నప్పటిది. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నడుమ ఒక వారం పత్రిక రాక, ఆ భాగం లేదు. ఆ వారం ఏం జరిగి ఉంటుందో నాకిప్పటికీ తెలియదు" అంది.

వాడు కాసేపు ఆ కుట్లకేసి చూశాడు. తర్వాత చడీచప్పుడు లేకుండా తన సంచికకున్న ప్లాస్టిక్ సంచి చింపాడు. ధర ఎంత పడిపోయిందో నేను అడగలేదు. అమ్మ పక్కన కూర్చుని, బొమ్మ బొమ్మకూ వేలు పెట్టి, తనకు వచ్చిన తెలుగులో ఆ కథంతా చెప్పాడు.

"కథ ఏమంత బాగాలేదు మామయ్యా!" అన్నాడు చివరికి నవ్వుతూ. చాలా రోజులకు నవ్వాడు.

మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "అదేమిట్రా, ఆ పిల్లవాణ్ణి మేడమీదనుంచి తోసినవాడెవడో చెప్పకుండానే ఆపేశారు! తరువాయి ఎప్పుడొస్తుంది?" అంది.

వచ్చే నెల సంచికలోనట. ఈసారి మామూలు అట్టదే కొంటానన్నాడు.