రోడ్డు అంచున మొలిచే ఆకుకూరలు

తొలకరి పడగానే బెంగళూరు ఖాళీ స్థలాలలోనూ, పెద్ద రోడ్ల అంచులలోనూ గలిజేరు, తోటకూర వాటంతట అవే మొలుస్తాయి. రాయలసీమ పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు వాటిని కోసి వండుకొనడం పాత అలవాటే. పొలం గట్టున అది నిరపాయకరం. వాహనాల రద్దీ గల రోడ్డు పక్కన మాత్రం కాదు.

ఇంజను కొట్టుకోకుండా పెట్రోలులో దశాబ్దాల పాటు సీసపు సమ్మేళనం కలిపేవారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం కలపని పెట్రోలే అమ్ముతున్నారు. కాని అంతకుముందు పొగతో వెలువడి నేల చేరిన సీసం కుళ్లదు, ఆవిరి కాదు. పై కొన్ని అంగుళాల మట్టిని అంటిపెట్టుకొని తరతరాలు ఉంటుంది. దీనికి తోడు టైర్ల అరుగుదల వల్ల జింకు, దానితో స్వల్పంగా కాడ్మియం, బ్రేకుల నుంచి రాగి నేటికీ రాలుతున్నాయి. విద్యుత్ వాహనానికీ టైర్లుంటాయి కదా! ఈ లోహాలు రోడ్డు అంచున దట్టంగా చేరి, కొన్ని పదుల మీటర్లు దాటేసరికి బాగా తగ్గుతాయి.

ఇవన్నీ మొక్కను ఒకే తీరున చేరవు. వేళ్లు సీసాన్ని పైకి పెద్దగా పంపవు. ఆకులపై ఉండే సీసంలో అధిక భాగం గాలికి పడిన ధూళి, వానకు చిందిన మట్టి; రెండు మూడు నీళ్లలో కడిగితే చాలావరకు పోతుంది. కాడ్మియం అలా కాదు. వేళ్ల ద్వారా ఎక్కి ఆకు లోపలే నిలుస్తుంది కనుక ఎంత కడిగినా వదలదు. పాలకూర, తోటకూర దీనిని ఎక్కువగా పీల్చుకొంటాయి. బీర, సొర, చిక్కుడు కాయలలోకి చేరేది తక్కువ. రోడ్డు వైపు ప్రహరీ వెంట గజం స్థలమే ఉన్నవారు అక్కడ చిక్కుడు పాదు పెట్టి, ఆకుకూరలను రోడ్డుకు దూరపు మట్టి నింపిన కుండీలలో, డాబా మీద పెంచుకొనడం మేలు. రోడ్డు మీద ఊడ్చిన రాలుటాకులను ఎరువుకు వాడరాదు; వాటితో ఆ ధూళీ వస్తుంది.

పసిపిల్లలకు కూర కంటే మట్టితోనే ఎక్కువ ప్రమాదం. వారు చేతులు నోట పెట్టుకొంటారు. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు హాని లేదనదగిన మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోడ్డు వైపు వాకిట ఆడుకొన్న పిల్లల చేతులు అన్నానికి ముందు సబ్బుతో కడగాలి. అక్కడ వట్టి నేల ఉంటే గడ్డి పరచాలి. పొడి చీపురుతో ఊడిస్తే ఆ ధూళే ఇంట్లోకి లేస్తుంది. నీళ్లు చల్లి ఊడ్చే మన పాత పద్ధతి ఇక్కడ అక్కరకు వస్తుంది.