253 ఐపీలు, 2,000 హామీలు

ఒక విశ్వవిద్యాలయం ఓపెన్‌స్టాక్ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంత క్లౌడ్ పెట్టుకుందనుకుందాం. బయటి ఇంటర్నెట్‌కు కనిపించే చిరునామాల బ్లాకు ఒక్కటే ఉంది, స్లాష్ 24. అంటే 256. నెట్‌వర్క్‌కు ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కు ఒకటి, గేట్‌వేకు ఒకటి పోగా మిగిలేవి 253. పరిశోధక బృందాలేమో 40. ఎవరూ మార్చకపోతే ఓపెన్‌స్టాక్ ఒక్కో ప్రాజెక్టుకు, అంటే ఇక్కడ ఒక్కో బృందానికి, ఇచ్చే ఫ్లోటింగ్ ఐపీల (మెషీన్లకు తగిలించుకునే బయటి చిరునామాల) కోటా 50. నలభై యాభైలు రెండు వేలు. ఐదు బృందాలు కోటా మొత్తం లాగేసుకుంటే ఆరో బృందానికి 3 మిగులుతాయి, ఏడో బృందానికి ఎర్రర్ మెసేజ్. కోటా అంటే తీసుకోవడానికి అనుమతి మాత్రమే, గిడ్డంగిలో సరుకు ఉందని కాదు.

నిజానికి 253 కూడా ఉండవు. బృందానికొక రౌటర్ ఉంటే, ప్రతి రౌటరూ బయటికి దారి కోసం అదే బ్లాకులోంచి ఒక ఐపీ తీసుకుంటుంది. 40 రౌటర్లకు 40 పోతే చేతిలో ఉండేవి 213. బృందానికి 5 చొప్పున కోటా బిగిస్తే 200తో సరిపోయి, 13 అత్యవసరానికి మిగులుతాయి. క్లౌడ్ మొదలుపెట్టిన రోజే చేయాల్సిన లెక్క ఇది. చాలాచోట్ల పూల్ ఖాళీ అయ్యాకే చేస్తారు.

ఫ్లోటింగ్ ఐపీ వర్చువల్ మెషీన్ లోపల ఉండదు. మెషీన్‌కు తెలిసిందల్లా 10.0.0.5 లాంటి ప్రైవేటు చిరునామా. వాటికి కరువు లేదు, 10తో మొదలయ్యే శ్రేణిలోనే 1,67,77,216 ఉన్నాయి. బయటి చిరునామాకు వచ్చినదాన్ని ఫలానా మెషీన్‌కు పంపమనే నియమం రౌటర్‌లో రాసి ఉంటుంది, అంతే. కొత్తవాళ్లు మెషీన్‌లోకి లాగిన్ అయి తమ ఐపీ కనిపించడం లేదని కంగారు పడేది ఇందుకే. లాభమూ ఇక్కడే ఉంది. సర్వర్ చచ్చిపోతే ఆ నియమాన్ని రెండో సర్వర్ వైపు తిప్పడం సెకన్ల పని. అదే డీఎన్ఎస్ రికార్డు మార్చి నెట్టుకొద్దామంటే, టీటీఎల్ (పాత జవాబును గుర్తుంచుకునే గడువు) 3,600 సెకన్లు ఉన్నచోట కొందరు గంట దాకా చచ్చిన సర్వర్ తలుపే తడుతుంటారు.

ఇంత పిసినారితనం ఎందుకంటే, ఐపీవీ4లో ఉన్నవే సుమారు 429 కోట్ల చిరునామాలు. ప్రపంచ నిల్వలోని చివరి ఐదు పెద్ద బ్లాకులను, ఆ నిల్వను చూసే సంస్థ ఐయానా 2011 ఫిబ్రవరి 3న పంచేసింది. మన దేశం ఉన్న ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలిచ్చే ఏపీనిక్, అదే ఏడాది ఏప్రిల్ 15కల్లా తన ఆఖరి బ్లాకుకు వచ్చి రేషన్ మొదలుపెట్టింది.

అమెజాన్ తన క్లౌడ్‌లో ఫ్లోటింగ్ ఐపీలనే ఎలాస్టిక్ ఐపీలంటుంది. అడిగి పెంచుకోకపోతే ఒక్కో ఖాతాకు రీజియన్‌కు 5. 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్ రీజియన్‌కూ అంతే. పాత పద్ధతిలో నడుస్తున్న మెషీన్‌కు తగిలించిన మొదటి ఐపీ ఉచితం, ఊరికే పెట్టుకున్నదానికి రుసుము. 2024 ఫిబ్రవరి 1 నుంచి వాడినా వాడకపోయినా ప్రతి పబ్లిక్ ఐపీవీ4కూ గంటకు అర సెంటు. నెలకు 730 గంటల లెక్కన 3.65 డాలర్లు, ఇరవై ఉంటే 73. ఆదాయం సంగతి పక్కన పెడితే, పాత పద్ధతే న్యాయమైనదని నాకనిపిస్తుంది. అది వాడకానికి కాదు, అట్టిపెట్టుకోవడానికి జరిమానా వేసేది.

సంస్థల ఉమ్మడి క్లౌడ్‌లో ఆ బిల్లూ ఉండదు. మెషీన్‌ను డిలీట్ చేసినా ఫ్లోటింగ్ ఐపీ పూల్‌కు తిరిగి రాదు. డౌన్ అనే స్థితిలో ఆ ప్రాజెక్టు పేరు మీదే ఉండి కోటాలో లెక్కకొస్తుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి ఆపుకున్న సీటు అది, తువ్వాలు వేసినవాడు మాత్రం వేరే బస్సెక్కి వెళ్లిపోయాడు. నెలకోసారి డౌన్‌లో ఉన్నవాటి జాబితా తీసి, వారం గడువిచ్చి, జవాబు రానివి వెనక్కి తీసుకోవాలి. కొత్త బ్లాకు కొనే ముందు చేయాల్సిన పని ఇది.

రెండో దుబారా తెలియక జరుగుతుంది. అప్‌డేట్లు దించుకోవాలంటే ఫ్లోటింగ్ ఐపీ కావాలనుకుంటారు. అక్కర్లేదు. ఫ్లోటింగ్ ఐపీ లేని మెషీన్ల నుంచి బయటికి వెళ్లే రద్దీ అంతా రౌటర్ తీసుకున్న ఆ ఒక్క ఐపీ మీదుగా పోతుంది. పది మెషీన్లలోకి లాగిన్ కావడానికీ పది ఐపీలు వద్దు. ఒకదానికి తగిలించి, దాని మీదుగా మిగతా తొమ్మిదింటికి వెళ్లొచ్చు. వెబ్‌సైట్లయితే రివర్స్ ప్రాక్సీ వెనక ఎన్నైనా ఒకే ఐపీతో నడుస్తాయి. ఇవన్నీ పాటిస్తే బృందానికి 5 ఎక్కువే.

తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం వరుస తప్పకూడదు. వదిలిన ఐపీ రేపు ఇంకో బృందానికి వెళ్తుంది. మీ డొమైన్ రికార్డు ఇంకా దానివైపే చూపిస్తుంటే, మీ సందర్శకులు ముక్కూమొహం తెలియనివాళ్ల మెషీన్‌కు చేరతారు. ఆ మెషీన్ యజమాని మీ పేరు మీద సెక్యూరిటీ సర్టిఫికెట్ కూడా సంపాదించగలడు. ముందు రికార్డు తీసేయాలి, టీటీఎల్ గడిచేదాకా ఆగాలి, ఆ తర్వాతే ఐపీ వదలాలి. టీటీఎల్ 86,400 అని పెట్టి ఉంటే ఆగాల్సింది నిండా ఒక రోజు.