నది చూపిన దారి

నీరు పల్లమెరుగు అని మన పెద్దలు చెప్పారు. కొండ మీద పడిన వాన నీరు ఎవరూ చూపకుండానే కిందికి దారి వెతుక్కుంటుంది. చిన్న చిన్న గెడ్డలు కలిసి నది అవుతాయి. నది వేల సంవత్సరాలపాటు రాతిని కోసి, మట్టిని పరచి, కొండల నడుమ లోయను ఏర్పరుస్తుంది. తరువాత వచ్చిన మనిషి ఆ లోయ వెంబడే నడిచాడు, ఎడ్లబండి తోలాడు, రైలుపట్టాలు వేశాడు. నేడు కంకర బాటల మీద సైకిలు యాత్రలు చేసేవారు కూడా నది చూపిన ఆ దారినే ఎంచుకుంటున్నారు.

ఒడిశాలోని రాయగడ జిల్లాలో వంశధార నది ఒడ్డున ఉన్న పట్టణం గుణుపురం. వంశధార కలహండి జిల్లా కొండలలో పుట్టి, గుడారి, గుణుపురం, కాశీనగరం ప్రాంతాల మీదుగా ప్రవహించి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. సుమారు 254 కిలోమీటర్లు ప్రయాణించి కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. నౌపడ నుండి పర్లాకిమిడి వరకు 1900లో నడిచిన చిన్న రైలు, 1931 నాటికి ఈ లోయలో గుణుపురం దాకా వచ్చింది. 2004లో ఆ రైలు ఆగిపోయింది. పట్టాలను వెడల్పు చేసిన తరువాత 2011లో పెద్ద రైళ్లు నడవడం మొదలైంది. రైలు ఎత్తైన కొండను సులభంగా ఎక్కలేదు. అందుకే పట్టాలు వేసినవారు లోయను ఆశ్రయించారు. సైకిలు తొక్కేవాని కాళ్లకు కూడా ఈ నియమమే వర్తిస్తుంది.

దారి ఎంత ఏటవాలుగా ఉన్నదో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉన్నది. వంద మీటర్లు ముందుకు పోయినప్పుడు ఒక మీటరు ఎత్తు పెరిగితే దానిని ఒక శాతం వాలు అంటారు. ఐదు శాతం వాలులో ఆయాసం వస్తుంది. పది శాతం వాలులో చాలామంది దిగి సైకిలును నడిపించుకొని పోతారు. గుణుపురం సముద్రమట్టానికి సుమారు 80 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి కళింగపట్నానికి నేరుగా కొలిచినా 80 కిలోమీటర్లకు పైగా దూరం. అంటే సగటున కిలోమీటరుకు ఒక మీటరు కూడా పల్లం లేదు. రాయగడ నుండి కోరాపుట్‌కు కూడా నేరుగా కొలిస్తే ఇంచుమించు అంతే దూరం. కాని రాయగడ ఎత్తు సుమారు 200 మీటర్లు, కోరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు. దూరం ఒకటే అయినా శ్రమ ఒకటి కాదు. అందువలన యాత్రకు బయలుదేరేవారు కిలోమీటర్లతోపాటు ఎత్తును కూడా లెక్కించాలి.

గుణుపురానికి పడమట, రాయగడ వైపు, నాగావళి నది మరొక లోయను ఏర్పరచింది. అది కూడా కలహండి కొండలలోనే పుట్టి, శ్రీకాకుళం పట్టణం దాటి సముద్రంలో కలుస్తుంది. ఈ రెండు లోయల నడుమ అడవి కొండలు ఉన్నాయి. ఆ కొండల శిఖరాలకు ఒకవైపున పడిన వాన వంశధారకు, మరొకవైపున పడిన వాన నాగావళికి చేరుతుంది. ఇటువంటి ఎత్తైన హద్దును జలవిభాజకం అంటారు. ఒక లోయ నుండి మరొక లోయకు పోయే దారి ఏదైనా ఈ హద్దును ఎక్కి దిగవలసిందే.

కంకర బాటల మీద దూర ప్రయాణాలు చేయడం ఇటీవల అనేక దేశాలలో ఒక క్రీడగా పెరిగింది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే పట్టణంలో 2006లో ఇటువంటి పందెం ఒకటి మొదలైంది. అందులో పాల్గొనేవారు పదునైన చెకుముకి రాళ్లున్న గుట్టల మీదుగా 200 మైళ్లు, అంటే సుమారు 320 కిలోమీటర్లు తొక్కుతారు. 2022లో ఇటలీలో ఈ క్రీడకు మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. తారు రోడ్డు మీది వాహనాల రద్దీకి దూరంగా, పొలాల మధ్య, అడవుల మధ్య ప్రయాణించవచ్చుననే కోరికే ఈ క్రీడకు మూలం.

ఈ ప్రయాణానికి వాడే సైకిలులో ముఖ్యమైనది టైరు. గాలి నింపిన టైరును సైకిళ్లకు 1888లో ప్రచారంలోకి తెచ్చినవాడు జాన్ బాయిడ్ డన్‌లప్. తారు రోడ్డు మీది పందెపు సైకిలు టైరు 25 నుండి 28 మిల్లీమీటర్ల వెడల్పుతో చాలా గట్టిగా ఉంటుంది. కంకర బాటకు 35 నుండి 50 మిల్లీమీటర్ల వెడల్పు గల టైరు కావాలి. అందులో గాలి కొంచెం తక్కువగా ఉంచుతారు. అప్పుడు టైరు రాయి మీద ఎగిరిపడక, రాయి ఆకారానికి తగినట్లు వంగి, నేలను పట్టుకుంటుంది. మన ఊళ్లలో పాలు, కట్టెలు, బియ్యపు బస్తాలు మోసే మామూలు సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే సుమారు 38 మిల్లీమీటర్లు. విదేశాలలో కొత్తగా కనిపించిన ఈ కొలత మన పల్లెల బాటల మీద ఎంతోకాలంగా ఉన్నదే.

రెండవది గేరు. పెడలు దగ్గరి పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనుక చక్రానికి 22 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. సైకిలు నాలుగు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. చదునైన లోయలో ఇది బాగుంటుంది. ముందు వెనుక పళ్లు సమానమైతే ఒక చుట్టుకు ఒక చుట్టే. వేగం సగమవుతుంది, కాని కాళ్ల మీద బరువు కూడా సగమవుతుంది. కొండ ఎక్కడానికి ఈ రెండవ ఏర్పాటు కావాలి. గేర్లు లేని సైకిలు మీద వెళ్లేవారు కొండ వద్ద దిగి నడవడంలో సిగ్గుపడవలసినది లేదు.

గుణుపురం చుట్టుపక్కల మూడు రకాల దారులు కనిపిస్తాయి. దక్షిణాన కాశీనగరం వైపు పోయేది లోయ దారి. వరి పొలాలు, తాటిచెట్లు, ఇసుక మేటలు తోడు వస్తాయి. నది వెంట ఇంకా కిందికి పోతే బత్తిలి, హిరమండలం, శ్రీముఖలింగం వస్తాయి. ఉత్తరాన గుడారి వైపు పోయేది నదికి ఎదురుగా పోయే దారి. పోనుపోను కొండలు దగ్గరవుతాయి. పుట్టాసింగి వైపు పోయేది సవర గ్రామాల కొండ దారి. ప్రధాన రోడ్లకు తారు ఉన్నా, వాటి నుండి చీలి కొండ పల్లెలకు, అడవులలోకి పోయే బాటలు ఎర్రమట్టి, గులకరాళ్లు కలిసినవి. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమైన తరువాత అనేక పల్లెలకు మంచి రోడ్లు వచ్చాయి. సైకిలు యాత్రికునికి కంకర బాట వినోదం కావచ్చు. గర్భిణిని ఆసుపత్రికి తీసుకుపోవలసిన పల్లెకు మాత్రం మంచి రోడ్డే ప్రాణాధారం. ఈ భేదాన్ని యాత్రికుడు మరువరాదు.

దారి ఇచ్చిన నదే ఒక్కొక్కప్పుడు దారిని తీసుకుపోతుంది. 2017 జూలైలో రాయగడ జిల్లాలో వచ్చిన ఆకస్మిక వరదకు తేరువలి సమీపంలో రైలు వంతెన కొట్టుకుపోయింది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను వలన వంశధార పొంగి గుణుపురం ప్రాంతాన్ని ముంచింది. పక్కనున్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి పలువురు మరణించారు. కొండలలో కురిసిన వాన కొద్ది గంటలలోనే గెడ్డలోకి చేరుతుంది. గెడ్డ దగ్గర ఎండ కాస్తున్నా పైనుండి వరద రావచ్చు. వేగంగా పారే నీరు మోకాలి లోతున్నా మనిషిని పడవేయగలదు. కాబట్టి కాజువే మీద నీరు పారుతున్నప్పుడు దాటరాదు. నీరు తగ్గేవరకు ఆగాలి, లేదా వెనుకకు తిరగాలి. యాత్రలకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

కొండ దిగేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. కంకర మీద ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కితే చక్రం జారిపోతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, రెండు బ్రేకులను మెల్లగా నొక్కాలి. శిరస్త్రాణం, తాగునీరు, గాలిపంపు, పంక్చరు సామాను వెంట ఉండాలి. ఒంటరిగా పోరాదు. ఎలుగుబంట్లు తిరిగే అడవులు కనుక చీకటి పడకముందే ఊరు చేరాలి.

ఈ కొండలు కేవలం చూడదగిన దృశ్యాలు కావు. సవరలు, కోదులు తరతరాలుగా ఇక్కడ నివసిస్తూ, వ్యవసాయం చేస్తూ, ఇప్పపూలు, చింతపండు సేకరిస్తున్నారు. వంశధార తీరాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మన వాడుక భాషకు గౌరవం కోరిన పెద్ద మనిషి పొరుగువారి భాషకూ అంతే గౌరవం ఇచ్చారు. సవర భాషకు 1936లో మంగెయి గొమాంగో సొరంగ సొంపెంగ్ అనే లిపిని రూపొందించారు.

ఒకే లోయలో తెలుగు, ఒడియా, సవర, కువి మాటలు వినిపిస్తాయి. బస్సులో పోయేవారికి ఊళ్ల పేర్లు మాత్రమే తెలుస్తాయి. సైకిలు మీద పోయేవారు నీళ్లకు ఆగుతారు, దారి అడుగుతారు, నాలుగు మాటలు నేర్చుకుంటారు. ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో, ఏ బాట వానకు తెగుతుందో పటం కంటె ఆ ఊరి పెద్దలకే బాగా తెలుసు. పటం చూసి బయలుదేరడం, పెద్దలను అడిగి ముందుకు సాగడం, నీరు అడ్డు వచ్చినప్పుడు వెనుకకు తిరగడం — ఈ మూడూ తెలిసినవాడే మంచి యాత్రికుడు.