చెచెన్యాలో పోలీసు అధికారి పాలన

యుద్ధముచే నలిగిన సీమలందు ప్రజలు మొదట కోరునది శాంతిభద్రతలు. అందుచే పోలీసు అధికారులు పాలకులగుట కలదు. అట్టి పాలనకు బల మెచ్చటనుండి వచ్చునో రష్యాలోని చెచెన్యా చరిత్ర తెలుపును.

1944 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వము చెచెన్ జాతినంతటిని మధ్య ఆసియాకు తరలించెను. ఆ ప్రవాసమునందే, కజకస్థానమున, 1957లో అలూ అల్ఖానోవ్ జన్మించెను. ఆ జాతికి స్వదేశము చేర ననుమతి లభించినదియు నా యేడే. అతడు రవాణా పోలీసు శాఖలో పనిచేసి, 1996 ఆగస్టులో గ్రోజ్నీ రైలుస్టేషనువద్ద రష్యా పక్షమున వేర్పాటువాదులతో పోరి గాయపడెను. 2003లో చెచెన్యా హోంమంత్రి యయ్యెను.

2004 మే 9న అధ్యక్షుడు అహ్మద్ కదిరోవ్ బాంబు ప్రేలుడులో హతుడయ్యెను. అతని కుమారుడు రంజానునకు 27 ఏండ్లే. అధ్యక్షునకు 30 ఏండ్లుండవలెనని రాజ్యాంగ నియమము. మాస్కో అల్ఖానోవును బలపరచెను. ప్రత్యర్థి మాలిక్ సైదుల్లాయెవ్ పాస్‌పోర్టులో జన్మస్థలము సరిగా లేదని యతనిని పోటీనుండి తొలగించిరి. ఆగస్టు 29న అల్ఖానోవ్ ఎన్నికయ్యెను.

పదవి యితనిది, సాయుధబలము రంజానుది. రంజాన్ 2006 మార్చిలో ప్రధానమంత్రియై, అక్టోబరులో 30 ఏండ్లు నిండినవాడయ్యెను. 2007 ఫిబ్రవరి 15న అల్ఖానోవ్ పదవి వీడి, మాస్కోలో న్యాయశాఖ ఉపమంత్రిగా నియుక్తుడయ్యెను. అధ్యక్షపీఠము రంజానునకు దక్కెను.

పోలీసు అధికారికి బలము చట్టమువలన కలుగును. చట్టముకంటె ఆయుధమే పెద్దదైన చోట, పైవారి యనుగ్రహమున వచ్చిన పదవి ఆ యనుగ్రహముతోనే పోవును.