టీవీ డబ్బా మీద మాటలు చదవడం వచ్చా? ఇంటర్వ్యూలో అవే ప్రశ్నలు!

డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో ఏదైనా ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌కి ఒకసారి వెళ్లండి. కొనక్కర్లేదు. టీవీల వరుస ముందు నిలబడి డబ్బాల మీద ఉన్నది చదవండి చాలు. 4కే, హెచ్‌డీఆర్, క్యూఎల్ఈడీ, 350 నిట్స్, 5000:1 కాంట్రాస్ట్, 107 కోట్ల రంగులు, 120 హెర్ట్జ్... ఈసీఈ, ఈఈఈ, ఫిజిక్స్ చదువుతున్నవాళ్లు నిజాయతీగా చెప్పండి. వీటిలో ఎన్నింటికి రెండు వాక్యాల్లో, అమ్మకి కూడా అర్థమయ్యేలా వివరణ ఇవ్వగలరు?

'ఇదంతా సేల్స్‌మన్ పని కదా' అనుకోవద్దు. మన రాష్ట్రంలోనే తిరుపతిలో డిక్సన్ టెక్నాలజీస్ ఎల్ఈడీ టీవీల ప్లాంటు పెట్టింది. టీసీఎల్ గ్రూపు డిస్‌ప్లే ప్యానెల్ యూనిట్‌కి 2018 డిసెంబరులో అక్కడే శంకుస్థాపన జరిగింది. విశాఖ నుంచి అది ఒక రైలు ప్రయాణం దూరం. మన కాలేజీల్లో మాత్రం టెలివిజన్ అనగానే ఇంకా పిక్చర్ ట్యూబు, 625 లైన్ల పాల్ సిస్టమ్ దగ్గరే ఆగిపోయేవాళ్లు చాలామంది. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పటికి అది సరిపోయే జ్ఞానమే. ఇప్పుడు ప్రశ్నలు వేరు.

ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే ఈ మాటలన్నీ లొంగుతాయి. డబ్బా మీద ఉన్న ప్రతి అంకె వెనక ఒక షరతు దాగి ఉంటుంది. కస్టమర్ అంకె చూస్తాడు. ఇంజినీరు షరతు ఏమిటని అడుగుతాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీలో వెతికేది ఆ రెండోవాణ్నే.

ఎల్ఈడీ టీవీ అంటే ఎల్‌సీడీయే

చాలామంది తడబడే మొదటి ప్రశ్న ఇది. షాపులో 'ఎల్ఈడీ టీవీ' అని అమ్మేది అసలుకి ఎల్‌సీడీ టీవీ. వెనక వెలిగేవి మాత్రమే ఎల్ఈడీలు. లిక్విడ్ క్రిస్టల్ తనంతట తాను వెలగదు, అది కిటికీ రెక్కలా వెలుగును ఆపుతుంది లేదా వదులుతుంది.

వెలుగు ప్రయాణాన్ని వెనక నుంచి ముందుకు గుర్తుపెట్టుకోండి. బ్యాక్‌లైట్, దాన్ని సమంగా పరిచే డిఫ్యూజర్ షీటు, ముందుకు మళ్లించే ప్రిజం షీటు, మొదటి పోలరైజర్, ట్రాన్సిస్టర్లున్న గాజు, లిక్విడ్ క్రిస్టల్, కలర్ ఫిల్టర్, చివరన రెండో పోలరైజర్. బ్యాక్‌లైట్ లేకుండా గాజు భాగం వరకు వస్తే దాన్ని ఫ్యాక్టరీల్లో 'ఓపెన్ సెల్' అంటారు. మన దేశంలో టీవీలు బిగించే కంపెనీలకు ఇది ఎక్కువగా దిగుమతే.

ఇప్పుడు చిన్న లెక్క. బ్యాక్‌లైట్ నుంచి 100 పాళ్ల వెలుగు బయల్దేరిందనుకోండి. మామూలు పోలరైజర్ సగం మింగేస్తుంది, 50 మిగులుతుంది. కలర్ ఫిల్టర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కదాన్నే వదులుతుంది కాబట్టి దాదాపు మూడో వంతు, అంటే 17. ట్రాన్సిస్టర్లు, వైర్లు అడ్డుపడేది కూడా తీసేస్తే తెర దాటేది పదికి లోపే ఉండటం మామూలు. టీవీ కరెంటు ఖర్చు, వేడి, మందం అన్నీ ఈ నష్టంతో పోరాటమే. ఈ ఒక్క గొలుసు బోర్డు మీద గీసి చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

క్యూఎల్ఈడీ కూడా ఎల్‌సీడీ కుటుంబమే. బ్యాక్‌లైట్ రంగును శుద్ధి చేయడానికి క్వాంటమ్ డాట్స్ పొర కలుపుతారు. ఇవి కొన్ని నానోమీటర్ల రేణువులు. సైజు పెద్దదైతే ఎరుపు వైపు, తగ్గితే నీలం వైపు వెలుగునిస్తాయి. వీటి మీద పనికే 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఓఎల్ఈడీ సంగతి వేరు. అక్కడ ప్రతి పిక్సెలూ తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. అందుకే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది.

4కే సరే, ఎంత దూరం నుంచి?

ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080, సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. టీవీల్లో 4కే అంటే 3840 × 2160, అంటే సరిగ్గా నాలుగు రెట్లు. సినిమా ప్రొజెక్షన్‌లో 4కే వెడల్పు 4096. ఈ తేడా చెప్పినవాళ్లను ఇంటర్వ్యూ బోర్డు గుర్తుపెట్టుకుంటుంది.

షరతు ఏమిటంటే, దూరం. 6/6 చూపున్న కన్ను దాదాపు 1 ఆర్క్‌మినిట్ కోణం వరకు విడదీసి చూడగలదు. అంటే ఒక డిగ్రీలో 60వ వంతు. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 1218 మిల్లీమీటర్లు. దాన్ని 3840తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ 0.317 మిల్లీమీటర్లు. ఆ సైజు 1 ఆర్క్‌మినిట్‌గా కనిపించే దూరం 1.1 మీటర్లు. ఫుల్ హెచ్‌డీకి ఇదే లెక్క వేస్తే 2.2 మీటర్లు.

ఇప్పుడు మధురవాడలో ఓ ఫ్లాట్ హాలు ఊహించుకోండి. సోఫాకి, టీవీకి మధ్య 2.5 మీటర్లు ఉంది. ఆ దూరం నుంచి ఫుల్ హెచ్‌డీ పిక్సెళ్లే విడిగా కనబడవు, ఇంక 4కే గొప్పతనం ఏం తెలుస్తుంది? తేడా కనబడిందని ఎవరైనా అంటే అది బహుశా రంగులది, కాంట్రాస్ట్‌ది. ఈ లెక్కకు త్రికోణమితి చాలు. ఇంటర్ పుస్తకం అటక మీద నుంచి దించండి.

నిట్స్, కాంట్రాస్ట్: మన ఊరి ఎండలో పరీక్ష

నిట్ అంటే చదరపు మీటరుకు ఒక క్యాండెలా. తెర ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో కొలిచే ప్రమాణం. లూమెన్ అంటే దీపం నుంచి వెలువడే మొత్తం వెలుగు. లక్స్ అంటే ఒక తలం మీద పడే వెలుగు. ఈ మూడింటినీ కలిపేయడం ఇంటర్వ్యూల్లో మామూలుగా జరిగే పొరపాటు.

ఓ ప్రశ్న. జగదాంబ సెంటర్లో సినిమాకి వెళ్లినప్పుడు ఆ తెర ఎన్ని నిట్స్ ఉంటుందనుకుంటున్నారు? డిజిటల్ సినిమాకు ప్రామాణికంగా పెట్టుకున్నది 48 నిట్స్ మాత్రమే! ఇంట్లో మామూలు టీవీ 300 ఇస్తుంది. అయినా థియేటర్ తెర వెలిగిపోతున్నట్టు ఎందుకుంటుంది? చుట్టూ చీకటి కాబట్టి. ఆర్కే బీచ్‌లో మధ్యాహ్నం ఫోన్ తీస్తే అంతకు ఎన్నో రెట్లు నిట్స్ ఉన్నా ఏమీ కనపడదు. అంకె కన్నా పరిసరాలే పెద్దవి.

దీన్నీ లెక్కతో చూడొచ్చు. తెల్ల రంగుకు 300 నిట్స్, నలుపుకు 0.06 నిట్ ఉన్న టీవీకి డబ్బా మీద 5000:1 అని రాస్తారు. అది చీకటి గదిలో కొలత. పగలు కిటికీ తెరిచిన గదిలో తెర మీద 300 లక్స్ పడుతోందనుకుందాం. తెర అందులో 5 శాతాన్ని నలువైపులా వెదజల్లుతుందనుకుంటే, 300 × 0.05 ÷ 3.14 అంటే దాదాపు 4.8 నిట్స్ అదనంగా నలుపు మీదా తెలుపు మీదా చేరతాయి. ఇప్పుడు నిష్పత్తి 304.8 బై 4.86, అంటే సుమారు 63:1. ఐదు వేలు ఎక్కడ, అరవై మూడు ఎక్కడ! కర్టెన్ వేయడమే కొన్నిసార్లు ఖరీదైన ప్యానెల్ కన్నా మంచి అప్‌గ్రేడ్.

కలర్ టెంపరేచర్: స్టీల్ ప్లాంట్ పాఠం

విశాఖ వాళ్లకు ఈ మాట అందరికన్నా తేలిగ్గా అర్థం కావాలి. స్టీల్ ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటి నుంచి దిగే ద్రవ ఇనుము సుమారు 1500 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది, కెల్విన్లలో దాదాపు 1800. నారింజ, పసుపు కలిసిన వెలుగు. వస్తువును ఇంకా వేడి చేస్తూ పోతే రంగు తెలుపు వైపు, ఆపైన నీలం వైపు జరుగుతుంది. టీవీలో 'తెలుపు'కు ప్రమాణం సుమారు 6500 కెల్విన్, దాన్నే డీ65 అంటారు.

ఇందులో ఓ తిరకాసుంది. సెట్టింగ్స్‌లో 'వార్మ్' అంటే ఎర్రటి తెలుపు, అంటే తక్కువ కెల్విన్. 'కూల్' అంటే నీలం తెలుపు, ఎక్కువ కెల్విన్. మాట ఒకవైపు, వేడి మరోవైపు. షోరూమ్‌లో టీవీ కూల్ మోడ్‌లో మెరిసిపోతుంటే ఇంటికి తెచ్చాక మనుషుల ముఖాలు నీలంగా ఎందుకున్నాయో ఇప్పుడు మీరు చెప్పగలరు.

107 కోట్ల రంగులు, 120 హెర్ట్జ్

ఒక్కో రంగుకు 8 బిట్లు అంటే 256 మెట్లు, మూడు రంగులకు కలిపి 1.67 కోట్ల రంగులు. 10 బిట్లు అంటే 1024 మెట్లు, 107 కోట్లు. అడగాల్సింది ఇదీ: ప్యానెల్ నిజంగా 10 బిట్లదా, లేక 8 బిట్ల ప్యానెల్ పక్కపక్క మెట్ల మధ్య వేగంగా మారుతూ 10లా కనిపిస్తోందా? రెండో దాన్ని ఎఫ్ఆర్‌సీ అంటారు. మోసం కాదు, టెక్నిక్. కానీ తేడా తెలియాలి. అలాగే 'హెచ్‌డీఆర్ సపోర్ట్' అంటే ఆ సిగ్నల్‌ను తీసుకోగలదని మాత్రమే కావచ్చు. హెచ్‌డీఆర్ సినిమాలు తరచూ 1000 నిట్స్ లక్ష్యంగా తయారవుతాయి. 300 నిట్స్ టీవీ దాన్ని కుదించి చూపించక తప్పదు.

హెర్ట్జ్ సంగతి క్రికెట్‌తో చూద్దాం. 4కే తెరను ఒక వస్తువు 2 సెకన్లలో దాటిందంటే సెకనుకు 1920 పిక్సెళ్లు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకు 32 పిక్సెళ్లు జరుగుతుంది. ఫ్రేము తెర మీద 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలబడుతుంది, మీ కన్ను మాత్రం వస్తువు వెంట జరుగుతూనే ఉంటుంది. ఫలితం 32 పిక్సెళ్ల మసక. ప్యానెల్ రెస్పాన్స్ టైమ్ సున్నా అయినా ఇది పోదు. 120 హెర్ట్జ్‌లో 16కి తగ్గుతుంది. రెస్పాన్స్ టైమ్, రిఫ్రెష్ రేటు వేర్వేరని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

ఉన్నది ఉన్నట్టు మాట్లాడుకుందాం. టీవీ ప్లాంటులో ఎక్కువ పోస్టులు అసెంబ్లీ లైన్‌వే. వాటికి ఐటీఐ, డిప్లొమా వాళ్లు పోటీలో ఉంటారు. బీటెక్ చేసి అదే లైన్‌లో నిలబడిపోకుండా ఉండాలంటే ప్రాసెస్, క్వాలిటీ, టెస్టింగ్ విభాగాల వైపు చూడాలి. అక్కడ కలరీమీటర్‌తో వైట్ బ్యాలెన్స్ సరిచేస్తారు, గామా కొలుస్తారు, లోపాల కారణం వెతుకుతారు. గామా 2.2 అంటే సగం సిగ్నల్‌కు వెలుగు సగం రాదు, 22 శాతమే వస్తుంది. తెర మీద మచ్చలు మచ్చలుగా వెలుగు తేడా ఉంటే ఫ్యాక్టరీ భాషలో దాన్ని 'ముర' అంటారు. జపాన్ నుంచి వచ్చిన మాట. ఈ మాట మీ నోట వస్తే ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఊరు దాటి వెళ్లలేనివాళ్లకు కూడా దారులున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల కేంద్రం. ఎక్స్‌రే చూసే మానిటర్‌కు రంగుల కన్నా బూడిద ఛాయల మధ్య సన్నటి తేడా ముఖ్యం. దానికి డైకామ్ అనే ప్రమాణం ఉంది. ఆ తేడా తెరలో కనబడకపోతే డాక్టరుకు ఊపిరితిత్తిలో మచ్చ కనబడకపోవచ్చు. అక్కడ కాంట్రాస్ట్ అనేది డబ్బా మీద అంకె కాదు, ఓ మనిషి ప్రాణం. ఆసుపత్రుల సర్వీసు, పోర్టులో సీసీ కెమెరాల కంట్రోల్ రూమ్, ఫర్నేసుల నిఘా కెమెరాలు... ఎక్కడైనా ఇదే ఆప్టిక్స్, ఇవే మాటలు.

ఈ వారమే మొదలుపెట్టండి

* ఫోన్ తెర మీద సూదిమొన అంత నీటిబొట్టు పెట్టి తెల్ల పేజీ తెరవండి. బొట్టు లెన్స్‌లా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి. వాటినే సబ్‌పిక్సెళ్లంటారు.
* పోలరైజ్డ్ కళ్లద్దాలు దొరికితే ల్యాప్‌టాప్ ముందు పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో తెర నల్లబడుతుంది. పోలరైజర్ మీద ఇక పేజీలు బట్టీ పట్టక్కర్లేదు.
* మీ ఇంటి టీవీ సైజు, సోఫా దూరం కొలిచి పిక్సెల్ లెక్క వేయండి. ఆ కాగితాన్ని మినీ ప్రాజెక్టుగా పెంచవచ్చు.
* ఓపెన్ సెల్, ముర, గామా, డీ65, ఎఫ్ఆర్‌సీ... రోజుకో మాట చొప్పున తెలుగులో మూడు వాక్యాలు రాయండి. ఇంగ్లిష్‌లో అప్పజెప్పగలిగి తెలుగులో చెప్పలేకపోతే అది మీకు ఇంకా అర్థం కాలేదనే లెక్క.

ఇంగ్లిష్ బెరుకుతో ఇంటర్వ్యూలకు వెనకాడేవాళ్లకు చివరి మాట. ఈ సబ్జెక్టులో పదాలు పాతికో ముప్ఫయ్యో. వాటి వెనక ఉన్న లెక్కలు మీరు ఇంటర్‌లోనే చేసినవి. విషయం చేతిలో ఉంటే భాష వెనకాలే వస్తుంది. ఈసారి షోరూమ్ ముందు నుంచి వెళ్తున్నప్పుడు ఒక్క డబ్బా ముందు ఆగి, ప్రతి అంకె పక్కన 'ఏ షరతు మీద?' అని అడిగి చూడండి. సమాధానాలు రాసుకోండి. మీ ఇంటర్వ్యూ ప్రిపరేషన్ అక్కడే మొదలైంది.