డిటెక్టర్ అంకె డిగ్రీగా మారేదెలా?

యూరప్ వాతావరణ ఉపగ్రహాలైన మెటాప్‌లలో ఐయాసీ అనే వర్ణపటమాపకం ఉంటుంది. మొదటిది 2006లో మెటాప్-ఎతో వెళ్లింది, 2012లో, 2018లో మరో రెండు వెళ్లాయి. భూమి నుంచి పైకి వచ్చే పరారుణ కాంతిని సుమారు 3.6 నుంచి 15.5 మైక్రాన్ల దాకా 8,461 చిన్న పట్టీలుగా విడదీసి కొలవడం దాని పని. ఏ పట్టీలో కాంతి ఎంతుందో తెలిస్తే, ఏ ఎత్తున గాలి ఎంత వేడిగా ఉందో, అందులో తేమ ఎంతో లెక్కగట్టవచ్చు. వాతావరణ సూచనలు తయారయ్యే కంప్యూటర్లకు ఈ కొలతలు రోజూ అందుతుంటాయి.

అయితే డిటెక్టర్‌కు డిగ్రీలు తెలియవు. కాంతి పడితే దానిలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. ఎలక్ట్రానిక్స్ దాన్ని ఒక అంకెగా మార్చి ఇస్తుంది. 1,900 అని వచ్చిందనుకుందాం. ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుని ఏమీ చెప్పలేం.

పరారుణంలో ఇంకో చిక్కుంది. మామూలు కెమెరాకు మూత పెడితే లోపల చీకటి. ఇక్కడ అలా కుదరదు. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న ఏ వస్తువైనా 10 మైక్రాన్ల ప్రాంతంలో జోరుగా కాంతిని వెదజల్లుతూనే ఉంటుంది. పరికరంలోని అద్దాలు, గోడలు, ఆ మూత కూడా అంతే. డిటెక్టర్లను మైనస్ 180 డిగ్రీల దరిదాపులకు చల్లబరిచినా, వాటి ముందున్న అద్దాలు అంత చల్లగా ఉండవు. కాబట్టి డిటెక్టర్ ఇచ్చే అంకెలో భూమి వాటా ఎంతో, పరికరం సొంత వాటా ఎంతో విడదీయాలి.

కూరగాయల కొట్టులో త్రాసును నమ్మాలంటే రెండు చూస్తాం: ఖాళీ పళ్లెంతో ముల్లు ఎక్కడ నిలిచింది, కిలో రాయి పెడితే ఎక్కడికి వెళ్లింది. ఐయాసీ చేసేదీ అదే. 8 సెకన్లకొకసారి దాని అద్దం ఒక చుట్టు పూర్తి చేస్తుంది. భూమిమీద 30 చోట్లు చూశాక ఖాళీ అంతరిక్షం వైపు, పరికరంలోనే అమర్చిన కృష్ణ వస్తువు వైపు కూడా తిరుగుతుంది. అంతరిక్షం నుంచి ఈ పట్టీల్లో వచ్చే కాంతి దాదాపు సున్నా. కృష్ణ వస్తువంటే లోపలంతా నల్లగా ఉన్న గూడు. దాని ఉష్ణోగ్రతను థర్మామీటర్లు చెబుతాయి. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఎంత కాంతి రావాలో ప్లాంక్ సూత్రం చెబుతుంది.

ఒక పట్టీని తీసుకుని లెక్క వేసి చూద్దాం. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే. అంతరిక్షం చూసినప్పుడు 400, కృష్ణ వస్తువును చూసినప్పుడు 2,400 వచ్చాయి. కృష్ణ వస్తువు కాంతి 100 యూనిట్లని సూత్రం చెప్పింది. భూమిని చూస్తే 1,900. రెంటిలోనూ 400 తీసేస్తే కృష్ణ వస్తువుది 2,000, భూమిది 1,500. అంటే భూమి కాంతి 75 యూనిట్లు. ప్లాంక్ సూత్రాన్ని తిరగేసి వాడితే, ఆ కాంతికి తగిన ఉష్ణోగ్రత డిగ్రీల్లో వస్తుంది.

ఇప్పుడు పరికరం కాస్త వేడెక్కి ప్రతి అంకెకూ 150 కలిసిందనుకోండి. 550, 2,550, 2,050 అవుతాయి. లెక్క వేస్తే మళ్లీ 75. ఉపగ్రహం నుంచి వెలువడే నీటి ఆవిరి చల్లని భాగాలపై మంచుగా పేరుకోవడం ఐయాసీలో నిజంగానే జరుగుతుంది. దానివల్ల లోపలికొచ్చే కాంతి పదో వంతు తగ్గి, పరికరం సొంత వాటా మాత్రం 400గానే ఉందనుకుంటే అంకెలు 400, 2,200, 1,750. జవాబు అప్పుడూ 75. అయితే మంచు మందమయ్యేకొద్దీ సంకేతం బలహీనపడి కొలతలో గజిబిజి పెరుగుతుంది. అందుకే అప్పుడప్పుడూ ఆ భాగాలను వేడిచేసి మంచు వదిలిస్తారు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. రెండు బిందువులతో సరళరేఖే గీయగలం. కొన్ని డిటెక్టర్లలో కాంతి రెట్టింపైతే సంకేతం సరిగ్గా రెట్టింపు కాదు, రేఖ కొద్దిగా వంగుతుంది. ఆ వంపును ప్రయోగానికి ముందే, శూన్య గదిలో రకరకాల ఉష్ణోగ్రతల కృష్ణ వస్తువులను చూపించి కొలుస్తారు. ఇక గూటిలోని థర్మామీటర్ తప్పు చెబితే లెక్కంతా తప్పుతుంది. 10 మైక్రాన్ల దగ్గర, మామూలు వాతావరణ ఉష్ణోగ్రతల్లో, ఒక డిగ్రీ తేడా అంటే కాంతిలో 1.7 శాతం తేడా మాత్రమే. అర డిగ్రీలోపు కచ్చితత్వం కావాలంటే కాంతి కొలతలో పొరపాటు ఒక శాతం లోపే ఉండాలి.

ఉపగ్రహం పైకి వెళ్లాక ఆ థర్మామీటర్‌ను విప్పి చూసే వీల్లేదు. అందుకే ఉపగ్రహాలు ఒకదాన్నొకటి సరిచూసుకునే ఏర్పాటు చేశారు. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం, ఐయాసీ ఒకే చోటును దాదాపు ఒకే సమయంలో చూసినప్పటి కొలతలను పక్కపక్కన పెడతారు. 2005లో మొదలైన జీసిక్స్ అనే అంతర్జాతీయ వేదిక పని ఇదే. ఇస్రో, భారత వాతావరణ శాఖ అందులో భాగస్వాములు. 2016లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఆర్ వంటి మన ఉపగ్రహాల పరారుణ కొలతలకూ ఇలాంటి సరిచూత అవసరమే.

రేపటి వాన సంగతికి ఇంత పట్టింపు ఎందుకనిపించవచ్చు. కానీ భూతాపం పెరుగుదలను దశాబ్దానికి డిగ్రీలో పదో వంతుల్లో కొలుస్తున్నాం. డిటెక్టర్ ఏటా అణుమాత్రం జారినా అది వేడి పెరిగినట్టో, తగ్గినట్టో కనిపిస్తుంది. పాత ఉపగ్రహం పనిచేస్తుండగానే కొత్తది పంపి, కొన్నేళ్లపాటు రెండింటితోనూ కొలిపించడం వల్ల, మారింది వాతావరణమా, పరికరమా అన్నది తేల్చుకోగలుగుతున్నారు.