నాలుగో చోటు ఎవరిది? – జట్టు కూర్పులో ఉండే లెక్కలు

యూనివర్సిటీ టోర్నమెంటుకు వెళ్లే జట్టు జాబితా నోటీసుబోర్డు మీద అంటించిన రోజు సాయంత్రం హాస్టల్లో ఏం జరుగుతుందో విద్యార్థి మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. "వాడెందుకు ఉన్నాడు, వీడెందుకు లేడు" అన్న ప్రశ్న అన్నం గంట కొట్టేదాకా తెగదు. కులం, ఊరు, గ్రూపు, లెక్చరర్ గారి అభిమానం – ఇలా కారణాలు చాలానే వినబడతాయి. వాటిలో నిజం ఉన్నవీ ఉండవచ్చు. కాని జట్టు కూర్పు అనేదానికి దానిదైన లెక్క ఒకటుంది. ఆ లెక్క తెలియకుండా చేసే విమర్శ గాలిలో కత్తి తిప్పినట్టే. ఆ లెక్క ఏమిటో, అది ఎక్కడ తప్పుతుందో మన గుంటూరు వారే ఇద్దరు పాత్రధారులైన ఒక ఉదంతంతో చెప్పాలని ఈ వ్యాసం.

మిరపకళ్లంలో తాలుకాయ ఏరడం చూశాం గదా. ఎర్రకాయ ఇటు, తెల్లబోయిన కాయ అటు. రంగే చెబుతుంది, ఇందులో వాదన లేదు. జట్టు ఎంపిక అలాంటిది కాదు. దానికి సరైన పోలిక కావాలంటే వాడరేవు ఒడ్డుకు వెళ్లి వేటకు బయలుదేరే పడవను చూడాలి. పడవలో పట్టేది కొద్దిమందే. ఒకరు చుక్కాని పట్టాలి, ఒకరు ఇంజను సంగతి చూడాలి, మిగిలినవాళ్లు వల వేయాలి, లాగాలి. వల లాగడంలో ఊరంతటికీ మొనగాళ్లయిన నలుగురిని ఎక్కించుకుని, ఇంజను తెలిసినవాణ్ణి ఒడ్డున వదిలేస్తే ఆ పడవ గతి ఏమిటి? కనుక రెండు పనులు ఓ మోస్తరుగా చేయగలవాడు, ఒక్క పనిలో నిపుణుడైనవాణ్ణి దింపేసి పడవెక్కుతాడు. ఒడ్డున నిలబడ్డవాడికి అది అన్యాయంగానే కనబడుతుంది.

అమెరికావారి బేస్‌బాల్‌లో ఈ లెక్కను శాస్త్రం స్థాయికి తీసుకెళ్లారు. మన వైపు బేస్‌బాల్ తెలిసినవారు తక్కువే కాని, సాఫ్ట్‌బాల్ ఆడే మన ఆడపిల్లలకు ఈ మాటలు కొత్త కాదు. మైదానం లోపలి వలయంలో నలుగురు నిలబడతారు: మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్, రెండుకీ మూడుకీ నడుమ షార్ట్‌స్టాప్. వీటిలో షార్ట్‌స్టాప్ కష్టమైన చోటు. అక్కడ నిలబడగలవాడు మిగతా చోట్లకు చాలావరకు సర్దుకోగలడు. మొదటి బేస్ వాడు మాత్రం షార్ట్‌స్టాప్‌కు పనికిరావడం అరుదు. అందుకే ముందుచూపు ఉన్న జట్లు షార్ట్‌స్టాప్ కుర్రాళ్లను ఎక్కువమందిని పోగుచేసుకుని, తర్వాత చోట్లు మారుస్తాయి. 2004లో న్యూయార్క్ యాంకీస్ జట్టు అలెక్స్ రోడ్రిగ్జ్‌ను తెచ్చుకున్నప్పుడు ఆ చోటులో అప్పటికే డెరెక్ జీటర్ ఉన్నాడు. అంతటి పేరున్న రోడ్రిగ్జ్ నోరెత్తకుండా మూడో బేస్‌కు జరిగాడు.

అక్కడ ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఆటకు సిద్ధంగా ఉండే జట్టులో 26 మంది (2020కి ముందు 25), వారితో కలిపి ఒప్పందపు జాబితాలో 40 మంది. కుర్రవాణ్ణి కింది లీగుకు పంపి మళ్లీ పైకి పిలవడానికి సాధారణంగా మూడు సీజన్ల దాకానే వీలుంటుంది. ఆ గడువు దాటాక కూడా కిందికి పంపాలంటే ముందుగా మిగతా జట్లకు "మీకు కావాలా?" అని చూపించి తీరాలి. అంటే ఒక మనిషిని ఏళ్ల తరబడి గుమ్మంలో నిలబెట్టడానికి రూలు ఒప్పుకోదు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. మన క్రికెట్‌లో 'స్టాండ్‌బై' అనే మాట ఉంది గాని, దానికి గడువూ లేదు, హామీ కూడా లేదు.

ఇక అసలు కథ. క్రికెట్‌లో షార్ట్‌స్టాప్ లాంటి చిక్కు చోటు ఒకరోజు మ్యాచీల్లో నాలుగో నంబరు బ్యాటింగ్. ఓపెనర్లు వస్తారు, కొత్త బంతి ఆడతారు. మూడోవాడు ఇన్నింగ్స్ నిలబెడతాడు. నాలుగోవాడి పని మాత్రం ముందుగా ఎవరికీ తెలియదు. 10 పరుగులకు రెండు వికెట్లు పోయిన స్థితిలో దిగవచ్చు, 200కు రెండు ఉన్నప్పుడూ దిగవచ్చు. మొదటి సందర్భంలో ఓపెనర్‌లాగా ఓపిక పట్టాలి, రెండో సందర్భంలో దిగీ దిగగానే బాదాలి. భారత జట్టుకు 2015 ప్రపంచకప్ తర్వాత ఈ చోటు కుదిరి చావలేదు. రహానె, మనీశ్ పాండే, యువరాజ్, దినేశ్ కార్తీక్, రాహుల్, ధోనీ, హార్దిక్ పాండ్యా – ఇలా ఎంతమందిని దింపారో చూడండి. వీరిలో చేతకానివారు ఒక్కరూ లేరు. 2017 జనవరిలో కటక్‌లో యువరాజ్ ఆ చోటున 150 కొట్టాడు కూడా. ఐనా చోటు చోటుగానే మిగిలిపోయింది.

అప్పుడు వచ్చినవాడు అంబటి రాయుడు. 1985లో గుంటూరులో పుట్టినవాడు. 2002 నవంబరులో, పదిహేడేళ్ల వయసులో, హైదరాబాద్ తరఫున మన ఆంధ్ర జట్టు మీదనే ఒకే రంజీ మ్యాచీలో 210, 159 నాటౌట్ చేసిన ఘనుడు. 2004లో అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్. తర్వాత బోర్డు గుర్తింపు లేని ఐసీఎల్‌లో చేరడం, 2009లో బోర్డు క్షమించడం, బరోడాకు వెళ్లడం – ఆ దారిలో ఏళ్లు కరిగిపోయాయి. 2013 జూలైలో హరారేలో మొదటి వన్డే, 63 నాటౌట్. 2015 ప్రపంచకప్‌కు పదిహేను మందిలో ఎంపికై, ఒక్క మ్యాచీ కూడా ఆడకుండా తిరిగొచ్చాడు.

2018 ఐపీఎల్‌లో 602 పరుగులు చేయగానే మళ్లీ పిలుపు వచ్చింది. ఇంతలో యో-యో పరీక్ష తప్పడంతో ఇంగ్లండ్ ప్రయాణం ఆగిపోయింది. సెప్టెంబరులో ఆసియా కప్‌తో తిరిగి చేరి, అక్టోబరులో ముంబైలో వెస్టిండీస్ మీద సెంచరీ చేశాడు. నాలుగో చోటుకు ఇతనే, ప్రపంచకప్ దాకా ఇతనికి అండగా నిలవాలి అనే అర్థం వచ్చేట్టు కెప్టెన్ కోహ్లీ బహిరంగంగానే అన్నాడు. ఆ మాటను నమ్మి కాబోలు, నవంబరులో రాయుడు నాలుగు రోజుల క్రికెట్‌కు స్వస్తి చెప్పి ఒకరోజు ఆటకే అంకితమయ్యాడు. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో భారత్ 18 పరుగులకు 4 వికెట్లు పోగొట్టుకున్న వేళ నిలబడి 90 చేశాడు, మ్యాచీ గెలిపించాడు. నాలుగో నంబరు వాడి దగ్గర ఇంతకంటే ఏం కోరతాం?

ఐతే ఆ రోజునే, అవతలి కొసన నిలబడి 45 పరుగులు చేసినవాడు ఒకడున్నాడు – తమిళనాడు కుర్రవాడు విజయ్ శంకర్. నెల తిరక్కుండానే ఆస్ట్రేలియా వచ్చింది. ఆ సిరీస్‌లో రాయుడి స్కోర్లు 13, 18, 2. మార్చి 5న నాగపూర్‌లో శంకర్ 46 కొట్టి, ఆఖరి ఓవరులో ఆస్ట్రేలియాకు 11 పరుగులు కావలసి ఉండగా బంతి పుచ్చుకుని రెండు వికెట్లు తీసి మ్యాచీ ముగించాడు. పడవ లెక్క గుర్తు తెచ్చుకోండి. వల లాగేవాడు ఇంజను పని కూడా చేసి చూపించాడు. పైగా రాయుడి బౌలింగ్ యాక్షన్ మీద జనవరిలో అనుమానం రావడం, గడువులోగా పరీక్షకు వెళ్లకపోవడంతో అంతర్జాతీయ మ్యాచీల్లో అతడు బంతి వేయరాదని నిషేధం పడడం జరిగింది. ఆ చిన్న సంగతిని చాలామంది మరిచిపోతారు. అతడు అడపాదడపా వేసే నాలుగు ఓవర్లు కూడా లెక్కలోంచి పోయాయన్నమాట.

2019 ఏప్రిల్ 15న ముంబైలో జట్టును ప్రకటించిన సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్ గారు కూడా గుంటూరు వారే. ఆరు టెస్టులు, పదిహేడు వన్డేలు ఆడిన వికెట్ కీపర్. 2016 నుంచి ఆ పదవిలో ఉన్నారు. శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ అనే మూడు కోణాలను జట్టుకు ఇస్తాడని ఆయన వివరణ. మర్నాడు రాయుడు, ప్రపంచకప్ చూడడానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరు చేశానని ట్వీటు పెట్టాడు. దేశమంతా నవ్వింది. మన ఊళ్లలో నవ్వు తక్కువ, కోపం ఎక్కువ. ఆ మరునాడు స్టాండ్‌బై పేర్లు వచ్చాయి: రిషభ్ పంత్, రాయుడు, నవదీప్ సైనీ.

ఇక్కడ న్యాయంగా మాట్లాడుకుందాం. కాగితం మీద ప్రసాద్ గారి లెక్క తప్పు కాదు. పదిహేను మందిలో ఇద్దరు స్పిన్నర్లు, ముగ్గురు ఫాస్ట్ బౌలర్లు, ఇంగ్లండ్ వాతావరణం. మీడియం పేస్ వేయగల బ్యాట్స్‌మన్ అదనంగా ఉండాలని కోరుకోవడం సబబే. ఆ లెక్క ఫలించిన క్షణం కూడా ఒకటుంది. జూన్ 16న పాకిస్తాన్ మీద భువనేశ్వర్ ఓవరు మధ్యలో కాలు పట్టి వెళ్లిపోతే, మిగిలిన రెండు బంతులు వేయడానికి వచ్చిన శంకర్ మొదటి బంతికే ఇమామ్‌ను ఎల్బీ చేశాడు. ఆ సంగతిని రాయుడి పక్షం వాళ్లం చెప్పుకోవడం మానేశాం. అది ధర్మం కాదు.

మరి లోపం ఎక్కడ? నా దృష్టిలో ఎంపికలో కన్నా, ఎంపికకు ముందూ వెనుకా ఉంది. తొమ్మిది వన్డేలు ఆడిన వాణ్ణి ప్రపంచకప్‌లో నాలుగో చోటుకు ఎంచారంటే, నాలుగేళ్లు ఆ చోటును కుర్చీలాటగా మార్చారనే గదా. ఆటలు మొదలయ్యాక కూడా ఆ కుర్చీలో ఒకరు కుదురుకోలేదు. మొదటి మ్యాచీలో రాహుల్, రెండో దాంట్లో హార్దిక్, అఫ్గానిస్తాన్, వెస్టిండీస్‌ల మీద శంకర్ – 29, 14. ఇంగ్లండ్ మీద పంత్.

వెనుకటి సంగతి ఇంకా బాధాకరం. ధావన్ బొటనవేలు విరిగితే స్టాండ్‌బైలలోంచి పంత్‌ను పిలిచారు. ఎడమచేతి వాటం ఆటగాడు కావాలని టీమ్ మేనేజిమెంటు కోరిందన్నారు. సరే. తర్వాత శంకర్ కాలివేలికి దెబ్బ తగిలి తప్పుకున్నాడు. జూలై 1న వచ్చిన పేరు మయాంక్ అగర్వాల్! అప్పటికి ఒక్క వన్డే ఆడనివాడు, స్టాండ్‌బై జాబితాలో లేనివాడు. ఓపెనర్ కావాలి, అప్పుడు రాహుల్‌ను కిందికి దించవచ్చు అని దీనికీ ఒక లెక్క చెప్పారు. లెక్కలు ఎప్పుడూ దొరుకుతాయి. స్టాండ్‌బై అని పేరు ప్రకటించిన మనిషికి ఆ మాట అర్థమేమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. జూలై 3న రాయుడు అన్ని రకాల క్రికెట్ నుంచి విరమిస్తున్నట్టు బోర్డుకు రాశాడు. 55 వన్డేలు, 1694 పరుగులు, సగటు 47.05. ఆ సగటుతో గుమ్మంలో నిలబడిపోయినవారు మన దేశంలో ఎంతమంది ఉంటారు?

వారం తిరిగేసరికి మాంచెస్టర్. న్యూజీలాండ్ 239 చేసింది. మన జట్టు 5 పరుగులకు 3 వికెట్లు, 24కు 4. వెల్లింగ్టన్ 18కి 4 చూసిన కళ్లకు ఇది ఎలా కనబడిందో వేరే చెప్పాలా? నాలుగో నంబరున పంత్ 32 చేశాడు. ధోనీని ఏడో నంబరున దింపారు. జడేజా 77తో వీరోచితంగా ఆడినా 18 పరుగుల తేడాతో ఓడాం. రాయుడు ఉంటే గెలిచేవాళ్లమని నేను అనను. అలా అనేవాళ్లను నమ్మను కూడా. అదే జట్టు, అదే పిచ్, అదే ఉదయపు గాలిలో అతడూ ఐదు బంతుల్లో తిరిగి వచ్చి ఉండవచ్చు.

అదే నెలలో ప్రసాద్ గారు తమకు ఎవరి మీదా పక్షపాతం లేదని, యో-యో తప్పినప్పుడు రాయుడికి ఫిట్‌నెస్ కార్యక్రమం ఏర్పాటు చేసి అండగా నిలిచింది తామేనని చెప్పుకున్నారు. రాయుడు ఆగస్టులో విరమణ ఉపసంహరించుకుని హైదరాబాద్‌కు మళ్లీ ఆడాడు. 2023లో చెన్నైతో ఆరో ఐపీఎల్ కప్పు అందుకుని ఆట చాలించాడు. శంకర్ ఆ ప్రపంచకప్ తర్వాత భారత్‌కు మళ్లీ ఆడలేదు. త్రీడీ హాస్యంలో నలిగిపోయిన రెండో మనిషి అతడే. ఆ జాలి కూడా కొంచెం పడాలి మనం.

నాలుగో చోటు మాటకొస్తే, తర్వాతి నాలుగేళ్లలో శ్రేయస్ అయ్యర్‌కు ఆ చోటు కుదిరింది. మధ్యలో గాయాలై నెలల తరబడి లేకపోయినా అతడి కోసం ఆగారు. 2023 ప్రపంచకప్‌లో అతడు 530 పరుగులు చేశాడు. కప్పు రాలేదు గాని, చోటు గురించిన గొడవ మాత్రం లేదు.

మన ఆంధ్ర కుర్రాళ్ల సంగతికి వస్తే ఈ లెక్క రెండు వైపులా పనిచేయడం చూస్తున్నాం. విశాఖ వాసి కె.ఎస్. భరత్ వికెట్ కీపర్. జట్టులో ఒక్కరికే చోటున్న పని అది. 2023 ఫిబ్రవరిలో మొదటి టెస్టు, ఆ ఏడు జూన్‌లో ప్రపంచ టెస్టు ఫైనలు ఆడాడు. 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో ఆ గ్లవ్స్ ధ్రువ్ జురెల్ చేతికి వెళ్లాయి. అదే విశాఖ నుంచి వచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి బ్యాటూ బంతీ రెండూ తెలిసినవాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరున దిగి 114 చేశాడు. బౌలింగ్ తెలియకపోతే అతడికి ఆ ఎనిమిదో చోటు కూడా దొరికేది కాదు, ఆ సెంచరీ ఉండేది కాదు.

గుంటూరు షేక్ రషీద్ మాత్రం రాయుడి దారివాడు, అచ్చమైన బ్యాట్స్‌మన్. 2022 అండర్-19 ప్రపంచకప్‌లో వైస్ కెప్టెన్‌గా సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 చేశాడు. 2024 నవంబరులో హైదరాబాద్ మీద రంజీలో 203 కొట్టాడు. ఇరవై రెండేళ్ల కిందట ఒక గుంటూరు కుర్రవాడు హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద బాకీ పెట్టిన డబుల్ సెంచరీ అలా తీరింది. ఇతడు బంతి వేయడం కూడా నేర్చుకోవాలా, బ్యాటింగే నమ్ముకుని కూర్చోవాలా అన్నది వచ్చే ఏడు హాస్టల్లో తేల్చుకోవలసిన చర్చ. నా ఓటు బ్యాటింగుకే.